ఎడమ పాదం: వివరం లేదు

మా చెల్లెలి బిడ్డ మెడికల్ కోడింగ్ కోర్సులో చేరింది. మొన్న ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, నువ్వు ముప్పయ్యేండ్లు గిదే పని చేసినవు గదా. గిందుల ఏముంటది? రోగం పేరు సూసి నంబరు ఏసుడే గదా?" అని అడిగింది. అవునని తల ఊపి, చాయ్ తాగినంత సేపు ఏవేవో చెప్పి పంపించాను. ఆమె వెళ్లిపోయాక, నేను చెప్పినదాంట్లో అసలు పని ఎక్కడా లేదనిపించింది. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె చదవాలి, ఆమెతోపాటు ఈ పనిలోకి వచ్చే పిల్లలంతా చదవాలి.

డాక్టరు రోగిని చూసి కేసు షీటు మీద రాస్తాడు. ఆ రాత చదివి, ఆ జబ్బుకు పుస్తకంలో ఏ గుర్తు ఉందో వెతికి ఫైలు మీద వేయడం మా పని. ఒక అక్షరం, రెండు అంకెలు, ఒక చుక్క, దాని తర్వాత ఇంకో అంకె. కరీంనగర్‌లో కొన్నేళ్లు, తర్వాత ఆదిలాబాద్‌లో రిటైరయ్యేదాకా రికార్డు రూముల్లోనే నా నౌకరి గడిచింది. బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి రాయను. ఆసుపత్రుల పేర్లు కూడా రాయను. పుట్టుకతోనే పాదాలు వంకరగా ఉన్న పిల్లల ఫైళ్ల గురించి మాత్రం రాస్తాను. నాకు ఈ పని వచ్చింది ఆ ఫైళ్ల దగ్గరే. ఇంకా పూర్తిగా రాలేదని తెలిసిందీ అక్కడే.

ఖాజా సాబ్

నేను చేరినప్పుడు మా రికార్డు ఆఫీసరు ఖాజా సాబ్. కరీంనగర్ మనిషే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మూడు స్వెట్టర్లు వేసుకున్నా చలి అనేవారు. ఎవరినీ గొంతెత్తి తిట్టింది నేను చూడలేదు. తప్పు చేస్తే ఫైలు తెచ్చి మన ముందు పెట్టి, మనకే కనిపించేదాకా పక్కన నిలబడేవారు. అంతకన్నా తిట్టడమే నయమనిపించేది.

చేరిన మొదటి నెలల్లో మంథని నుంచి వచ్చిన ఒక పసివాడి ఫైలు నా ముందుకు వచ్చింది. పుట్టి పదిహేను రోజులు. డాక్టరు ఇంగ్లీషులో నాలుగు పొడి అక్షరాలు రాశాడు. అవేమిటో నాకు తెలియలేదు. పాదం అన్న మాట ఒక్కటే అర్థమై, "పాదాల ఇతర లోపాలు" అన్న గుర్తు వేశాను. ఖాజా సాబ్ ఆ ఫైలు పట్టుకొచ్చి నా పక్కన నిలబడ్డారు.

"గీ పోరని పాదం నువ్వు సూసినవా బిడ్డా?"

"మనం చూడనక్కర్లే గదా సాబ్. డాక్టరు రాసిందే గదా వేయాల్సింది."

"అవ్. రాయనీకి సూడనక్కర్లే. సమజ్ కానీకి సూడాలె. రా."

పట్టీలు వేసే గదికి తీసుకుపోయారు. బల్ల మీద ఆ పిల్లవాడు ఉన్నాడు. రెండు పాదాలూ లోపలికి మడుచుకుని, అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉన్నాయి. వేళ్లు గోరింట మొగ్గలంత ఉన్నాయి. పాదం చేతిలోకి తీసుకుని సరిచేయబోతే రావడం లేదు, గట్టిగా ఉంది. తల్లి బాలింత, భయపడి గోడ వైపు తిరిగి నిలబడింది. కాంపౌండరు నా వైపు చూసి, "మేడమ్, జర మోకాలు కాడ పట్టుకోండ్రి" అన్నాడు. పట్టుకున్నాను. తడి సిమెంటు పట్టీ చుడుతుంటే మొదట చల్లగా, కాసేపటికి వెచ్చగా నా వేళ్లకు తగిలింది. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి నా బొటనవేలు పట్టుకుని నిద్రపోయాడు.

తండ్రి వరిపొలం చేసుకునే మనిషి. నన్ను నర్సు అనుకున్నాడేమో, "మేడమ్, వీడు బడికి నడుసుకుంట పోతడా?" అని అడిగాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఖాజా సాబ్ అన్నారు: "నువ్వు ఏసే అంకె ఎనక గా తండ్రి అడిగిన సవాల్ ఉంటది. నీ కండ్లతోటి సూసింది షీటు మీద ఎక్కియ్యకు, అది నీ పని గాదు. గని డాక్టర్ రాసింది నీకు తక్కువ అనిపిస్తే, పోయి అడుగు. అడగనీకి షరం పడకు."

ఆ పాదానికి వేరే గుర్తు ఉంది. క్యూ అరవై ఆరు, చుక్క, సున్నా. లోపలికి, కిందికి తిరిగిన వంకర పాదం. ఆ రోజు సరిచేసి వేశాను. తర్వాత చాలా ఏళ్లు, అడగాల్సిన ప్రతిసారీ అడిగాను కూడా. పైకి వెళ్లి, డాక్టర్ల బల్లల ముందు నిలబడి, కుడి కాలా ఎడమ కాలా, పుట్టుకతోనా తర్వాతా అని అడిగేదాన్ని. కొందరు విసుక్కునేవారు. నేను పట్టించుకోలేదు.

తొమ్మిది

నేను ఆదిలాబాద్ వచ్చేసరికి ఈ పిల్లల వైద్యం మారిపోయింది. పెద్ద ఆపరేషన్లు తగ్గాయి. వారానికొక పట్టీ వేస్తూ, పాదాన్ని కొంచెం కొంచెంగా, నొప్పి లేకుండా తిప్పుతారు. అయిదారు పట్టీలయ్యాక చాలామందికి మడమ వెనక బిగుసుకున్న స్నాయువుకు, అందరూ నరమనే అంటారు, చిన్న కోత పెడతారు. అంతటితో పాదం చక్కగా వస్తుంది. చూసినవాళ్లు అయిపోయిందనుకుంటారు. కానీ అసలు పని అప్పుడే మొదలు. రెండు బూట్లు, మధ్యలో ఒక కడ్డీ. మూడు నెలలు దాదాపు రోజంతా వేసి ఉంచాలి. తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు వేయాలి. మానేస్తే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుంది. పిల్లలు ఎదుగుతుంటారు కాబట్టి బూట్లు మారుస్తూ ఉండాలి.

అందుకోసం ఎముకల విభాగంలో షమీమ్ అనే అమ్మాయి ఉండేది. ఆదిలాబాద్ పిల్ల. ప్రతి నెలా రికార్డు రూము నుంచి చుక్క సున్నా గుర్తున్న పిల్లల పేర్లు తీసి ఆమెకు ఇచ్చేవాళ్లం. ఆమె ఒక్కొక్క ఇంటికి ఫోన్ చేసి, "బూట్లు సరిపోతున్నయా అవ్వా? పుండ్లు పడ్డయా? ఒక్కపారి తీస్కరాండ్రి" అని చెప్పేది. లిస్టులో పేరుంటే ఫోన్ పోతుంది. లేకపోతే పోదు.

ఎముకల డాక్టరు సుధీర్ గారు. చేతి పని మంచిది, మాట దురుసు. ఒకరోజు ఏదో ఫైలులో కాలు కుడో ఎడమో రాయకపోతే అడగడానికి పోయాను. బయట జనం నిండి ఉన్నారు. ఆయన తల ఎత్తకుండానే, "మేడమ్, గీడ ఇంతమంది నిలబడ్డరు. రాసుడు ఎట్లనో మీరు నాకు నేర్పిస్తరా?" అన్నారు. అక్కడున్న వాళ్లంతా నన్ను చూశారు. వయసులో ఆయన కన్నా పదిహేనేళ్లు పెద్దదాన్ని నేను. ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చాను.

ఆ తర్వాతి వారమే జైనూర్ నుంచి ఒక పాప ఫైలు వచ్చింది. పేరు అంజలి, అయిదు నెలలు. తల్లి సోంబాయి. షీటు మీద డాక్టరు రాసింది ఇంతే: పుట్టుకతో లోపం, ఎడమ పాదం. పట్టీలు అయినవి, బూట్లు ఇచ్చినాము.

ఆ పాపను వరండాలో రెండు మూడుసార్లు చూశాను. తొడదాకా పట్టీతో తల్లి ఒళ్లో పడుకుని తన కట్టును తానే టకటకా కొట్టుకునేది. అది వంకర పాదమని నాకు తెలుసు. చూసింది ఎక్కించకూడదని కూడా తెలుసు. చేయాల్సిన పని ఒకటే. మెట్లెక్కి పోయి, సార్, ఇది ఏ లోపమో పేరు రాయండి అని అడగాలి.

అడగలేదు. రాసింది రాసినట్టే వేస్తాను, నియమం అదే కదా అనుకున్నాను. "పాదం లోపం, వివరం లేదు" అన్న గుర్తు వేశాను. క్యూ అరవై ఆరు, చుక్క, తొమ్మిది. ఆ తొమ్మిది వేస్తున్నప్పుడు నాకు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇన్నేళ్ల తర్వాత దాన్ని దాచి ఏం లాభం? ఆ రోజు షమీమ్ ఇచ్చోడ క్యాంపులో ఉంది. పాపకు బూట్లు వేసి పంపింది వేరేవాళ్లు. కాబట్టి ఆ పాప ఎవరి లిస్టులోనూ చేరలేదు.

ఏ తనిఖీ అధికారి వచ్చి చూసినా నా గుర్తు సరైనదేననేవాడు. అది ఈ పనిలో అన్నిటికన్నా భయపడాల్సిన సంగతి.

సోంబాయి అడిగిన మాట

ఏడాది దాటాక ఒక పొద్దున షమీమ్ రికార్డు రూములోకి వచ్చింది. "అక్కా, జైనూర్ కెల్లి ఒక పాప వచ్చింది. కాలు మల్ల తిరిగింది. సారు తల్లి మీద గరం అయితుండు. గా పేరు నా లిస్టుల లేనే లేదక్కా. జర ఫైలు తీస్తవా?"

తీశాను. తొమ్మిది, పక్కన నా పొట్టి సంతకం.

ఫైలు పట్టుకుని పైకి పోయాను. అంజలి బల్ల కాళ్లు పట్టుకుని నడుస్తోంది. కుడి పాదం నేల మీద చక్కగా పడుతోంది. ఎడమది పక్క అంచు మీద పడుతోంది, అక్కడ చర్మం కాయ కాసింది. డాక్టరు గారు సోంబాయిని అడుగుతున్నారు: "బూట్లు ఎందుకు తీసేసినవ్? చెప్పలేదా నీకు?"

సోంబాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. కొంగు చేతికి చుట్టుకుంటూ, "సిన్నగైనయి సారు. పుండు పడ్డది. బూట్లు సిన్నగైతే ఫోన్ చేసి పిలుస్తమన్నరు గదా. పిలుస్తరని సూసినం. పిలువలే. పిలువకుంటె ఇగ బాగైందనుకున్నం" అంది.

డాక్టరు గారిని పక్క గదిలోకి రమ్మని ఫైలు చూపించాను. జరిగింది చెప్పాను. అడగకపోవడానికి కారణం కూడా చెప్పాను. ఆయన షీటు తీసుకుని తన రాత చదివారు.

"రాసింది నేనే" అన్నారు. తర్వాత, "ఆమెకు ఇదంతా చెప్పాల్సిన అవసరం లేదు మేడమ్. మల్ల పట్టీలు ఏద్దాం. కాలు వస్తది" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగా అనిపించింది. కిందికి దిగాను. కిటికీలోంచి చూస్తే సోంబాయి వరండాలో బెంచీ మీద కూర్చుని, పాప పాదాన్ని చేత్తో పట్టుకుని, పట్టీ వేసేవాళ్లు చేసినట్టు నెమ్మదిగా బయటికి తిప్పడానికి చూస్తోంది. పాదం రావడం లేదు. ఆమె మళ్లీ మళ్లీ తిప్పుతోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"సోంబాయీ, నిన్ను పిలువకపోవుడు నా తప్పు. పిలిచే లిస్టుల నీ బిడ్డ పేరు ఎక్కలే. కాగితం మీద సరైన గుర్తు నేను ఏయలే. సారును ఒక్క మాట అడగాల్సి ఉండె. అడగలే."

ఆమె పాదం తిప్పడం ఆపి నా వైపు తిరిగింది.

"అడగనీకి ఏమైంది?"

"కోపమొచ్చింది."

"ఎవరి మీద?"

"సారు మీద."

సోంబాయి పాప పాదం కేసి చూసింది. "సారు మీది కోపం నా పోరి కాలు మీద పడ్డదా?" అంది. గొంతు పెంచలేదు. ముప్పయ్యేళ్ల నౌకరిలో నన్ను అంతగా నిలదీసినవాళ్లు లేరు.

తర్వాత ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంజలి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా ముక్కు పట్టుకుని లాగింది. కొంచెం తేరుకున్నాక సోంబాయి అడిగింది: "గట్లయితే నాది తప్పు గాదా?"

"కాదు."

"మా అత్త రోజు అంటది. గ్రహణంల బయటికి పోయినవని ఒకపారి, బూట్లు తీసేసినవని ఒకపారి. గీ మాట ఆమెకు చెప్తవా మేడమ్? నేను చెప్తె ఇనది."

తర్వాతి వారం మొదటి పట్టీకి అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పెద్దావిడకు గోండి తప్ప వేరే మాట సరిగా రాదు. సోంబాయి చెబితే కుదరదు కాబట్టి, గోండి తెలిసిన ఆసుపత్రి ఆయమ్మ ఒకామెను పిలిచి, నేను తెలుగులో, ఆమె గోండిలో చెప్పాం. గ్రహణానికీ పాదానికీ సంబంధం లేదని డాక్టరు గారు చెప్పారు. ఎందుకొస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదనీ, తల్లి చేసిన పని వల్ల మాత్రం రాదనీ చెప్పారు. బూట్ల సంగతి నేను చెప్పాను. పెద్దావిడ అంతా విన్నది. లేచి, సోంబాయి చంకలోంచి పాపను తన చేతుల్లోకి తీసుకుని, పట్టీల గదిలోకి తానే ఎత్తుకుపోయింది.

తర్వాత చేసినవి

ఏడు వారాలు వాళ్లు జైనూర్ నుంచి ఉట్నూర్ మీదుగా బస్సులో వచ్చిపోయారు. మడమ నరానికి మళ్లీ చిన్న కోత పెట్టారు. ఈసారి పాప పెద్దది కాబట్టి బూట్లు వేస్తే కేకలు పెట్టేది. షమీమ్ ఆ కడ్డీకి ఎర్ర రిబ్బను చుట్టి, సోంబాయికి ఒక పాట నేర్పింది. బూట్లు వేసే పాట అని పేరు పెట్టుకున్నారు. పాటంటే ఏమీ లేదు, పాప పేరు ఇరవైసార్లు పిలవడమే.

ఒక మధ్యాహ్నం డాక్టరు సుధీర్ గారు రికార్డు రూములోకి వచ్చారు. డాక్టరు అక్కడికి రావడం అదే మొదటిసారి. కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు, ఫైళ్ల కట్ట మీదే కూర్చున్నారు. "ఆ రోజు జనం ముందట గట్ల అనొద్దుండె మేడమ్. మీకు షీటు మీద ఏమేం కావాల్నో చెప్పుండ్రి" అన్నారు. చెప్పాను. లోపం పూర్తి పేరు, ఏ కాలు, ఎంత గట్టిగా ఉంది, మొదటిసారా లేక తిరగబెట్టిందా, తర్వాత ఎప్పుడు రావాలి. ఆయన ఆ అయిదూ చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు. కోపంతో అడగడం మానేశానని నేనూ ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆ తర్వాత కూడా ఆయన మాట దురుసుగానే ఉండేది. కానీ రాత మారింది.

షమీమ్, నేను కలిసి పాత ఫైళ్లలో తొమ్మిది వేసినవన్నీ తీశాం. ఒక్కొక్కటి తెరిచి, డాక్టరు గారికి మళ్లీ చూపించాం. చాలావరకు నిజంగానే చిన్నాచితకా లోపాలు. ఇద్దరు మాత్రం వంకర పాదం పిల్లలు తేలారు. వాళ్లలో ఒకడైన ఇచ్చోడ బాబు ఇంటికి ఫోన్ చేస్తే, బూట్లు బిగుతైనా వాళ్ల నాయనమ్మ ముందు భాగం కోసి, వేళ్లు బయటికి వచ్చేలా చేసి వేస్తోందట. ఆ ముసలమ్మ తెలివి వల్ల పాదం నిలిచింది. రెండో కుటుంబం పని వెతుక్కుంటూ మహారాష్ట్ర వైపు వెళ్లిపోయింది. ఫోన్ కలవలేదు. ఊరికి కబురు పంపాం. ఎక్కడున్నారో ఇరుగుపొరుగుకూ తెలియదు. ఆ బిడ్డ ఇప్పుడు ఎట్లా నడుస్తున్నాడో నాకు తెలియదు. ఇది రాయకుండా వదిలేస్తే నా కథ అందంగా ఉండేది. కానీ జరిగింది ఇదే.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఇప్పుడు కంప్యూటరే గుర్తు చూపిస్తుంది. మంచిదే. మా కాలంలో కళ్లు పోయేలా పుస్తకాలు తిరగేశాం. మీకు ఆ బాధ వద్దు. కానీ "వివరం లేదు" అన్న గుర్తు వేసే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ గుర్తు తప్పేమీ కాదు. కొన్నిసార్లు వివరం నిజంగానే ఉండదు. అయితే వివరం లేదా, మనం అడగలేదా అన్నది మనకు మాత్రమే తెలుస్తుంది. అడగడానికి బద్ధకమా, భయమా, నాలాగా కోపమా, అదీ మనకే తెలుస్తుంది.

డాక్టరు రాయనిది మీరు కల్పించకండి. చూశాను కదా అని ఎక్కించకండి. అదొక తప్పు. తెలిసీ అడగకుండా కూర్చోవడం ఇంకొక తప్పు. రెండింటిలో మొదటిది పట్టుబడుతుంది. రెండోది ఎప్పటికీ పట్టుబడదు.

ఇంకొకటి. తప్పు జరిగితే ఇంటివాళ్లకు చెప్పండి. పైవాళ్లు వద్దంటారు. మీకూ వద్దనిపిస్తుంది. మనం చెప్పకపోతే ఆ తప్పును ఇంకెవరో మోస్తుంటారు, చాలాసార్లు ఒక తల్లి మోస్తుంటుంది.

చివరి రాత

నేను రిటైరయ్యే సంవత్సరం అంజలికి అయిదో ఏడు. బూట్లు మానేయవచ్చో లేదో చూడటానికి వచ్చారు. ఆ రోజు నన్ను కూడా పైకి రమ్మన్నారు. డాక్టరు గారు పాదాన్ని అటూ ఇటూ వంచి చూశారు. మడమలు లేవకుండా కింద కూర్చోమన్నారు, కూర్చుంది. వేళ్ల మీద నిలబడమన్నారు, నిలబడింది. "ఇగ గా తలుపు దాకా నడువు" అన్నారు. ఆ పిల్ల నడవలేదు. ఒక్క పరుగున తలుపు దాటి, వరండా దాటి, మెట్ల దగ్గర మంచినీళ్ల కుండ దాకా పోయింది. షమీమ్ వెనకాల ఉరికింది.

డాక్టరు గారు షీటు మీద పూర్తిగా, నిదానంగా రాశారు. ఎడమ వంకర పాదం, తిరగబెట్టింది, మళ్లీ వైద్యం చేశాం, సరి అయింది. బూట్లు అక్కర్లేదు. ఏడాదికొకసారి చూపించాలి.

సరి అయిన లోపానికి పుస్తకంలో గుర్తు మారుతుంది. పాదం లోపం అని వేయకూడదు. పుట్టుకతో వచ్చిన లోపం గతంలో ఉండేది అన్న గుర్తు వేయాలి. అది వేరే అక్షరంతో, పుస్తకం చివరి పుటల్లో ఉంటుంది. అక్కడే బల్ల మీద పెట్టుకుని రాశాను. సోంబాయి నా భుజం మీదుగా చూస్తోంది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాస్తున్నవ్ మేడమ్?"

"ఉండె అని రాస్తున్న."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

ఆమె ఆ చిన్న గడిలోని అంకెల కేసి కొంత సేపు చూసింది. పక్కనే ఖాళీ జాగా చాలా ఉంది. అక్కడ వేలు పెట్టి, "జర పెద్దగ రాయి" అంది.

గడి దాటి రాయకూడదని నియమం. నేను దాటి రాశాను. ఇప్పుడు లేదు అని, పెద్దగా, తెలుగులో, కింద నా పూర్తి పేరుతో.